అల్లుడుగారి పరిశోధన, వెంకటస్వామి గడ్డివామి

మా ఆయన శేషాచలంగారు జన్మలో ఒక్కసారి కూడా పొయ్యి వెలిగించి ఎరగరు. కానీ కాలడం గురించి ఆయనకు తెలిసినంత కృష్ణా జిల్లాలో ఇంకెవరికీ తెలియదు. ఈ మాట నేనన్నది కాదు, ఆయనే అన్నారు. బందరులో ఓ హైస్కూల్లో తెలుగు పండితుడు కాబట్టి మాటలు ఆయనవి. వంటిల్లు నాది. తడిసిన సరుగుడు కట్టెల ముందు కూర్చుని, ఊదుగొట్టంతో ఊది ఊది, కళ్ళు చింతనిప్పులు చేసుకుని నేను కాఫీ పట్టుకెళ్తే, ఆయన గ్లాసు అందుకుంటూ "సీతా, రగలడం అన్న మాట ఎంత గొప్పదో చూశావా? పలుకుతుంటేనే పొగ కనిపిస్తుంది" అనేవారు. కనిపించక చస్తుందా! ఆ పొగంతా నా కళ్ళలోనే ఉంటే.

పరాసుపేటలో మా అద్దింటి అరుగు మీద సాయంత్రమైతే సభ జరిగేది. సభ అంటే ఇద్దరే. మా ఆయన, అదే స్కూల్లో చరిత్ర చెప్పే రాజారత్నంగారు. రాజారత్నంగారి తండ్రి పాస్టరు. ఆయన "మా పాత నిబంధనలో దహనబలి అంటే మొత్తం కాల్చెయ్యడమే గురువుగారూ, ముక్క కూడా మిగల్చకూడదు" అంటే, ఈయన "అలాగా!" అని ఓ కాగితం ముక్క మీద రాసుకుని చొక్కా జేబులో దాచుకునేవారు. ఆ ముక్కలు చాకిరేవుకి వెళ్ళి ముద్దలై తిరిగొచ్చేవి. మర్నాడు మళ్ళీ రాసుకునేవారు. పరిశోధన అంటే ఇలాగే ఉంటుంది కాబోలని నేను ఊరుకునేదాన్ని.

కాలడానికి తెలుగులో ఎన్ని మాటలున్నా ఆయన ప్రాణమంతా ఒక్కదాని మీదే ఉండేది. అది తగలడడం. ఆ మాట ఆయనకి నేను తెచ్చుకున్న సారెతో పాటు వచ్చింది.

మాది దివిసీమలో కోడూరు. మా నాన్నగారు పోస్టాఫీసు చూసేవారు. ఇంట్లో ఆయన ఉన్నారంటే ఉన్నారు, అంతే. మాట్లాడే పనంతా మా అమ్మ వెంకాయమ్మే చూసుకునేది. పెళ్ళయ్యాక మా ఆయన మొదటిసారి కోడూరు వచ్చినప్పుడు, అత్తగారు అల్లుడితో ముఖాముఖి మాట్లాడకూడదు కాబట్టి, మా అమ్మ తలుపు చాటున నిలబడి వసారా స్తంభంతో మాట్లాడింది. "అల్లుడుగారిని కాళ్ళు కడుక్కోమను." "అల్లుడుగారికి ఇంకో రెండు అరిసెలు వెయ్యమను." ఎంత మర్యాద, ఎంత మెత్తదనం! ఆ స్తంభానికే సిగ్గేసి ఉంటుంది. తరువాత వంటింట్లోకి వెళ్ళి అసలు గొంతు విప్పింది.

"ఈ మూత ఎక్కడ తగలడిందే? పిల్లి వచ్చి తగలడింది, పాలు చూడండర్రా! ఆ గేదె దూడని ఎక్కడ తగలేసిందో! నెయ్యంతా నిన్ననే తగలేశారూ, ఇప్పుడు అల్లుడుగారికి ఏం వెయ్యను, నా మొహం వెయ్యనా?"

వసారాలో పట్టుపంచెతో కూర్చున్న కొత్త అల్లుడు చేతిలో అరిసె చేతిలోనే పెట్టుకుని బిగుసుకుపోయారు. అలిగారేమోనని మా నాన్నగారు హడలిపోయి, ఏం కావాలో అడగమని మా మేనత్తను పంపారు. ఈయన పెన్సిలు కావాలన్నారు. అలకపాన్పు ఎక్కి సైకిళ్ళూ వాచీలూ అడిగిన అల్లుళ్ళని చూశారు గానీ, పెన్సిలు అడిగినవాణ్ణి కోడూరు చూడడం అదే మొదలు. అబ్బ, ఎంత నెమ్మదస్తుడో అని ఊరంతా మెచ్చుకుంది. ఊరికేం తెలుసు?

అలా మొదలైన వ్యాసం ఏళ్ళ తరబడి సాగింది. ఒకరోజు ఆయన అరుగు మీంచి ఒక్క గంతులో వంటింట్లోకి వచ్చి "దొరికింది సీతా!" అన్నారు. అంటించడం, ముట్టించడం, తగలబెట్టడం, మూడూ నిప్పు పెట్టడమే కదా. అంటు అన్నా, ముట్టు అన్నా, తగులు అన్నా మూలంలో అర్థం తాకడమేనట. నిప్పు ఆ మాటల్లో అసలు లేదట, తరువాతెప్పుడో వచ్చి చేరిందట. "మన తెలుగువాళ్ళకి కాలడం అంటే తాకడమే సీతా. ఎంత సున్నితమైన జాతి!"

"అయితే ఈ కట్టెను కాస్త సున్నితంగా తాకి వెళ్ళండి, అన్నం ఉడుకుతుంది" అన్నాను. ఆయన వినిపించుకోలేదు.

సరే, మా అమ్మ సంగతికొస్తాను. ఆ నోరు చూసి ఊరు ఆమెను వెలి వెయ్యాలి కదా. వెయ్యలేదు సరికదా, నెత్తిన పెట్టుకుంది. మా ఊళ్ళో ఓ ఆనవాయితీ ఉండేది. పసిబిడ్డ పురిటి గది దాటి బయటికి రాగానే ముందు మా అమ్మ ఒళ్ళో పడుకోబెట్టి తిట్టించేవారు. ముద్దొచ్చే పిల్లని ముద్దుగా ఉందని అంటే దిష్టి తగులుతుంది. తిడితే ఏ దిష్టీ దగ్గరికి రాదు. ఆ తిట్టడానికి కోడూరు మొత్తంలో మా అమ్మంత సమర్థురాలు లేదని అందరూ తీర్మానించేశారు. మా అమ్మ బిడ్డని రెండు చేతులా ఎత్తి, "నీ మొహం తగలడ, ఏం కళ్ళురా ఇవి! ఎవరిని ఉద్ధరించడానికి వచ్చి తగలడ్డావురా!" అని నోరారా తిట్టి, నుదుట విభూతి పెట్టి పంపేది. ఆ తిట్టు తినని పిల్ల ఏ కాస్త నలతపడ్డా, వెంకాయమ్మగారి దగ్గరికి తీసుకెళ్ళలేదా అని అడిగేవాళ్ళు.

మా పక్కిల్లు వెంకటస్వామిది. మంచి రైతు, నోరు మాత్రం మా అమ్మకి తగ్గదు. ఆయన కూతురు సువర్ణ తల్లి లేని పిల్ల. సగం మా ఇంట్లోనే పెరిగింది. మా అమ్మ చేతి ముద్దలు నాకంటే తనే ఎక్కువ తినుంటుంది. యాభై ఏడో సంవత్సరం ఎండాకాలం సువర్ణ తొలిచూలు పురిటికి పుట్టింటికి వచ్చింది. బిడ్డని ఏమని తిట్టాలో మా అమ్మ అప్పటి నుంచే సాధన చేస్తోంది. మేమూ ఆ సెలవులకి కోడూరులోనే ఉన్నాం.

ఎండాకాలం దివిసీమలో ఇళ్ళన్నీ తాటాకువీ, వాముల నిండా ఎండుగడ్డీ. అందుకని పడమటిగాలి లేచేలోపు వంటలు ముగించి పొయ్యిలు ఆర్పెయ్యాలని చాటింపు వేస్తారు. ఆ తరువాత చుట్ట ముట్టించినవాణ్ణి కూడా నిలబెట్టి అడుగుతారు.

ఆ రోజు పొద్దున్నే వెంకటస్వామి దూడ కంచె దూరి మా పెరట్లో తోటకూర మడి మొత్తం మేసేసింది. మా అమ్మ కంచె దగ్గర నిలబడి వీధి చివరిదాకా వినిపించేలా అరిచింది. "ఏమయ్యా వెంకటస్వామీ! కొండంత వామి పెట్టుకుని నా తోటకూర మీదకి తోలతావా దూడని? తగలడ, నీ వామి తగలడ!"

"నా వామి బాగానే ఉంటుంది లెండి అక్కగారూ, మీ తోటకూర సంగతి చూసుకోండి" అని వెంకటస్వామి నవ్వుతూ పొలానికి వెళ్ళిపోయాడు. ఇది రోజూ ఉన్నదే. ఎవరూ పట్టించుకోలేదు.

మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. ఊరంతా కునుకు తీస్తోంది. ఎవరో కేక పెట్టారు. వచ్చి చూసేసరికి వెంకటస్వామి వామి నిలువునా మండుతోంది. మగవాళ్ళు పరిగెత్తి పశువుల తాళ్ళు కోశారు, పక్కనున్న తాటాకు పాకల మీద తడి గోనెలు కప్పారు, కాలవ నుంచి బిందెలు అందించారు. ఎవరికీ ఏమీ కాలేదు, ఇళ్ళు దక్కాయి, వామి మాత్రం బూడిదైంది. మా ఆయన పంచె ఎగ్గట్టి ఓ బిందె పట్టుకుని నిలబడ్డారు. ఆ బిందెలో నీళ్ళు లేవని తరువాత తెలిసింది.

వామి కాలినవాడికి ఇంటికో మోపు గడ్డి ఇవ్వడం మా ఊళ్ళో ఎప్పటి నుంచో ఉంది. మర్నాటికి వెంకటస్వామి దొడ్లో కొత్త వామి లేచింది. పశువులకి లోటు రాలేదు. లోటంతా మా అమ్మకే వచ్చింది.

ఎవరు మొదలుపెట్టారో తెలియదు. పొద్దున తిట్టింది, మధ్యాహ్నం కాలింది. ఆ ఒక్క ముక్క ఊరంతా తిరిగింది. తిరిగినకొద్దీ పాతవన్నీ బయటికొచ్చాయి. ఎప్పుడో ఎవరి అరుగో కూలిందట, అంతకుముందు వెంకాయమ్మగారు దాన్ని తిట్టారట. ఆవిడ నాలుక మీద మచ్చ ఉందట. ఎవరు చూశారో ఆ నాలుకని! పంచాయతీ ప్రెసిడెంటు ఆనందరావుగారు జనాన్ని సమాధానపరుద్దామని మా అరుగు మీదకి వచ్చి కూర్చున్నారు. చదువుకున్నవాడు మాట్లాడితే బాగుంటుందని మా ఆయన్ని అడిగారు. "పంతులుగారూ, మీరు చెప్పండి. తిట్టుకి అలాంటి బలం ఉంటుందంటారా?"

అడగడమే ఆలస్యం. మా ఆయన కండువా సర్దుకుని లేచారు. తగులు దగ్గర మొదలుపెట్టి, దాని పక్కన పడు ఎలా వచ్చి చేరిందో చెప్పి, అంటు మీదుగా, ముట్టు మీదుగా ఊరంతా తిప్పి తీసుకొచ్చారు. ఈ మాట మూలంలో నిప్పే లేదు కాబట్టి మా అత్తగారు నిప్పు రమ్మని అన్నట్టే కాదని తేల్చారు. ఎండ అరుగెక్కింది. ఇద్దరు ముసలాళ్ళు స్తంభానికి ఆనుకుని నిద్రపోయారు.

వెంకటస్వామి ఓపిగ్గా అంతా విని, "బాగానే ఉందండీ పంతులుగారూ. మరి మా వామి కాల్చిందెవరు?" అన్నాడు.

మా ఆయన నశ్యం డబ్బా తీసి, ఓ పట్టు పీల్చి, తుమ్మి, "అది శబ్దశాస్త్రానికి సంబంధించిన ప్రశ్న కాదు" అన్నారు.

అప్పుడు తలుపు చాటు నుంచి మా అమ్మ స్తంభంతో అంది. "అర్థాలు నాకెందుకు? అన్నాను. కాలింది. నా నోరే కాల్చింది."

అందరూ నెమ్మదిగా లేచి వెళ్ళిపోయారు. నేను లోపలికి వెళ్ళేసరికి అమ్మ గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. ఊరు నమ్మడం ఒక ఎత్తు. అమ్మే నమ్మింది.

ఆ రోజు నుంచి మా అమ్మ తిట్టడం మానేసింది. తిట్టు లేకుండా ఆమెకి మాటలే రావు. అందుకని పరాయి ఇంటికి వచ్చిన చుట్టంలా మాట్లాడడం మొదలుపెట్టింది. "పిల్లీ, కొంచెం పక్కకి వెళ్ళమ్మా" అనేది. పిల్లి బెదిరిపోయి రెండు రోజులు ఇంటికి రాలేదు. పాలు పొంగి పొయ్యి ఆరిపోతుంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడేది. ఉన్నారంటే ఉన్న మా నాన్నగారు కూడా భయపడి, "ఓసారి నన్ను తిట్టవే" అని బతిమాలారు. తిట్టలేదు.

శ్రావణమాసంలో నేను మళ్ళీ కోడూరు వెళ్ళాను. సువర్ణకి కొడుకు పుట్టాడు. వెంకటస్వామి వద్దంటాడేమో అనుకున్నాను. పాపం, ఆయన ఏమీ అనలేదు. సువర్ణ బిడ్డని పొత్తిళ్ళలో చుట్టుకుని మా గుమ్మం దాకా వచ్చింది. "అత్తయ్యగారూ, వీణ్ణి తిట్టరూ?" అంది.

మా అమ్మ గబగబా వచ్చి, ఆ పిల్ల మొహం మీదే తలుపు వేసేసింది. "తేవద్దమ్మా. నా నోటికి అడ్డు లేదు. వాడికేమన్నా అయితే నేను బతకలేను" అని లోపల నుంచే చెప్పింది. సువర్ణ చాలాసేపు గుమ్మంలో నిలబడి, ఏడుస్తూ వెళ్ళిపోయింది. అమ్మ తలుపుకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. వాడి మొహమైనా చూడలేదు.

"ఏమిటమ్మా ఇది?" అన్నాను.

"రేపు నీకు పుట్టినా నా ఒళ్ళో పెట్టకు సీతా" అంది.

పెళ్ళై అన్నేళ్ళైనా నాకింకా కడుపు పండలేదు. పండితే ఆ తిట్టు కోసమే ముందు కోడూరు వెళ్ళాలని నా ఆశ. బందరు తిరిగొచ్చి ఇదంతా చెప్పి ఏడిస్తే మా ఆయన తల వంచుకుని విన్నారు. "చాలా అన్యాయం" అన్నారు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. అబ్బో, అత్తగారంటే ఎంత అభిమానమో అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

దసరా సెలవుల్లో గుడివాడలో సాహిత్య సభ పెట్టారు. మా బావగారు వెంకటసుబ్రహ్మణ్యంగారు ఆ ఊళ్ళోనే తాలూకాఫీసు గుమాస్తా. తమ్ముడి వ్యాసం చదివించాలని ఆయనే ఏర్పాటు చేశారు. తోడుగా రాజారత్నంగారు వచ్చారు. నేనూ మా తోడికోడలు త్రిపురసుందరీ ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్నాం.

మా ఆయన చదవడం మొదలుపెట్టారు. మూత ఎక్కడ తగలడింది, పిల్లి వచ్చి తగలడింది, ఎవరిని ఉద్ధరించడానికి వచ్చి తగలడ్డావురా. సభంతా పొట్ట పట్టుకుని నవ్వింది. చప్పట్లు కొట్టింది. ఒక్కొక్క మాటా మా అమ్మది, ఆ విరుపుతో సహా. నేను నవ్వలేకపోయాను. ఆ నోరు కోడూరులో మూతపడి ఉంటే, దాని మాటలకి గుడివాడలో చప్పట్లు! నాకు ఒళ్ళు మండింది.

చదవడం అయ్యాక రాజారత్నంగారు ఆటపట్టించడానికని లేచారు. "గురువుగారూ, రాజుకోవడం వేరు, అంటుకోవడం వేరు అని గీత గీశారు. ఆ గీత ఏ పుస్తకంలో దొరికిందండీ?"

మా ఆయన్ని ఏమన్నా అనండి, పుస్తకం చూసి చెప్పారని మాత్రం అనకండి. ఆయన మొహం జేవురించింది. "పుస్తకమా! కంటితో చూసి చెబుతున్నాను. మొన్న వేసవిలో కోడూరులో, మా అత్తగారి పక్క దొడ్లో, నా చేత్తో గుప్పెడు గడ్డి పట్టుకుని, అగ్గిపుల్ల గీసి..."

అక్కడ ఆగిపోయారు. ఆయన కళ్ళు ఆడవాళ్ళ వైపు వచ్చాయి. నన్ను వెతుక్కున్నాయి. నేను అప్పటికే లేచి నిలబడ్డాను.

సభలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. కాస్త తడబడ్డారని ఇంకోసారి చప్పట్లు కొట్టారు.

బందరు రైలెక్కాం. రాజారత్నంగారు ఎదురు బల్ల మీద కూర్చుని కిటికీలోంచి చూస్తున్నారు. రైలు కదిలింది.

"ఏవండీ. వామి మీరే కాల్చారా?"

"కాల్చలేదు సీతా. గుప్పెడు గడ్డి, అంతే. రాజుకోవడం చూశాను, చెప్పు కింద వేసి నలిపేశాను. ఆరిపోయిందనుకుని లోపలికి వచ్చి రాసుకుంటున్నాను. ఈలోగా గాలి..."

"చాటింపు విన్నారు కదా?"

"విన్నాను."

"మరి?"

"చాటింపు వంటలకనుకున్నాను" అన్నారు నేల చూపులు చూస్తూ.

పండితులకి నిప్పు వేరుగా ఉంటుంది కాబోలు! అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "మా అమ్మ తన నోరే కాల్చిందని నమ్మి కూర్చుంది. పసివాడి మొహం మీద తలుపు వేసేసుకుంది. మీకు తెలిసీ అరుగు మీద నిలబడి వ్యాకరణం చెప్పారా?"

"ఆవిడ తప్పు లేదని అంతసేపు వాదించాను కదా సీతా!"

"వాదించారు. 'నేనే' అనడానికి ఎంతసేపు పడుతుంది? కాలడానికి బుట్టెడు మాటలు పోగేశారే, ఒప్పుకోవడానికి ఒక్కటి దొరకలేదా మీకు?"

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. "ఊరంతటికీ అల్లుణ్ణి. ఎలా చెప్పను? రోజూ చెబుదామనే అనుకున్నాను. ఇన్నాళ్ళయ్యాక ఇప్పుడేమని చెప్పను?"

రాజారత్నంగారు కిటికీలోంచి మొహం తిప్పకుండానే అన్నారు. "మా గుడిలో ఒప్పుకోలు ప్రార్థన అని ఒకటుంది గురువుగారూ. చిన్నదే. దానికి వ్యుత్పత్తి చెప్పక్కర్లేదు."

మర్నాడు పొద్దున్నే కోడూరు బస్సెక్కాం. చల్లపల్లి దాటింది, పులిగడ్డ దాటింది. ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఉపన్యాసం తయారు చేసుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. "తగులు అన్న మాట ఎత్తారంటే అక్కడే వదిలేసి వస్తాను" అన్నాను. పెదవులు ఆగిపోయాయి.

మా అరుగు మీదనే, ఆనందరావుగారినీ వెంకటస్వామినీ పిలిపించి, పది మంది ముందూ చెప్పారు. "ఆ రోజు మీ దొడ్లో గడ్డి అంటించింది నేనే. మా అత్తగారి నోటికీ దానికీ సంబంధం లేదు. చెప్పకుండా దాచాను. తప్పైపోయింది." ఆయన జీవితంలో చెప్పిన అతి చిన్న ఉపన్యాసం అది.

ఇక చూడాలి మా ఊరి న్యాయం! మా అమ్మ ఒక్క మాట అన్నందుకు ఎండాకాలం నుంచి దసరా దాకా గడప దాటకుండా బతికింది. అల్లుడుగారు వామి మొత్తం కాల్చినా, "అయ్యో, దానికేముందండీ పంతులుగారూ" అన్నాడు వెంకటస్వామి. "పెద్ద చదువులు కదా, పరీక్షలు చెయ్యాలి మరి" అన్నారు ఆనందరావుగారు. ఎవరో ఆయనకి విసనకర్ర తెచ్చిచ్చారు. ఇంకెవరో మజ్జిగ తెచ్చారు. ఇంకాసేపు ఉంటే పూలదండ కూడా వచ్చేదే.

తలుపు చప్పుడైంది. మా అమ్మ బయటికి వచ్చింది. చాటున ఆగలేదు. స్తంభం వైపు చూడలేదు. దాన్ని దాటుకుని వచ్చి, పెళ్ళినాటి నుంచి ఎన్నడూ కళ్ళెత్తి చూడని అల్లుడి ఎదురుగా నిలబడింది. మా ఆయన మజ్జిగ గ్లాసుతో లేచి నిలుచున్నారు.

"మీరా?" అంది.

"నేనేనండీ" అన్నారు.

మా అమ్మ గడ్డం వణికింది. ఏడుస్తుందేమోననుకున్నాను.

"మీ పరిశోధన తగలడ! మీ వ్యాసం తగలడ! గడ్డికి నిప్పు పెడితే కాలుతుందో లేదో పెట్టి చూడాలటయ్యా మీకు? ఆ మాత్రం తెలీని పండితుడు నాకెక్కడ దొరికి తగలడ్డాడే తల్లీ! నా నోరే కొంప ముంచిందని ఇన్నాళ్ళూ నోరు కుట్టుకుని చచ్చానే! గుమ్మంలోకొచ్చిన పసివెధవని తిప్పి పంపేశాను కదయ్యా, వాడి మొహమైనా చూడకుండా! అరుగెక్కి అర్థాలు చెప్పారే, నేనే కాల్చానని ఒక్క ముక్క చెప్పడానికి ఏం తగలడింది మీకు?"

వీధి వీధంతా ఊపిరి బిగబట్టి వింటోంది. వెంకటస్వామి కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. లోపల మా నాన్నగారు "అమ్మయ్య" అనడం నాకు వినిపించింది. ఆయన నోట ఆ ఏడాది వినిపించిన రెండో మాట అది.

మా ఆయన చెయ్యి అలవాటుగా చొక్కా జేబు దాకా వెళ్ళింది. పెన్సిలు తగిలి ఉంటుంది. ఆగి, చెయ్యి కిందకి దించేశారు. తల వంచుకుని చివరిదాకా నిలబడి తిన్నారు ఆ తిట్లన్నీ.

అమ్మ ఊపిరి తీసుకుని చుట్టూ చూసింది. కంచె పక్కన సువర్ణ బిడ్డని ఎత్తుకుని నిలబడి ఉంది. వాడప్పటికే మెడ నిలబెడుతున్నాడు.

"ఏమే, అలా గుడ్లప్పగించి చూస్తావేం? తే వాణ్ణి, ఇలా నా ఒళ్ళో తగలెయ్యి!"

అమ్మ అరుగు మీద కూలబడింది. వాణ్ణి రెండు చేతులా అందుకుంది. వాడు ఆమె ముక్కు పట్టుకున్నాడు. "నీ మొహం తగలడ" అంది, అని ఇక మాట రాక, వాడి పొట్టలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ మరుసటి ఏడు మా ఆయన వ్యాసం ఓ పత్రికలో అచ్చయింది. ఆ పత్రిక వచ్చేనాటికి మా అమ్మ తిట్టు తిన్న పిల్ల నా ఒళ్ళోనూ ఉంది. వ్యాసం మొత్తం చదివాను. మూత ఉంది, పిల్లి ఉంది, నెయ్యి ఉంది, తాకడం గురించి పేజీలకి పేజీలున్నాయి. ఆ రోజు అరుగు మీద తిట్టిన తిట్టు మాత్రం లేదు.

"ఏవండీ, అన్నిటికంటే గొప్పది అదే కదా. వదిలేశారేం?" అన్నాను.

"అది నాకిచ్చింది సీతా. అచ్చుకివ్వను" అన్నారు.

కాసేపటికి మామూలుగానే అరుగు మీంచి కాఫీ అడిగారు. ఒళ్ళో పిల్ల, పొయ్యిలో తడి కట్టెలు, కళ్ళ నిండా పొగ.

"తెచ్చి తగలేస్తానుండండి!" అని కేకేశాను.

అరుగు మీద ఆయన నవ్వడం వినిపించింది. వెళ్ళి చూస్తే ఏమీ రాసుకోవడం లేదు.